పళ్ళన్నీ పీకించేస్తే నాయన గుండెకు మంచిదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చండూరు దగ్గర ఒక ఊరు. మా నాయనకు 57 ఏళ్ళు, షుగరు వచ్చి పన్నెండేళ్ళు. 8 నెలల కింద గుండెపోటు వస్తే హైదరాబాద్ తీసుకెళ్ళాం, ఒక స్టెంటు వేశారు. ఏడాది నుంచి పళ్ళు తోమితే నెత్తురు వస్తోంది. నోరు వాసన వస్తోందని మనవరాలు దగ్గర కూర్చోవట్లేదు. కింది ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి. మొన్న మూడు నెలల షుగరు పరీక్ష 9.4 వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు, "మన ఫ్లోరైడు నీళ్ళకు అందరి పండ్లూ ఇంతే, రక్తం పలచబడే గోలీ ఐదు రోజులు ఆపి అన్నీ పీకించేయండి" అన్నారు. చిన్నాన్న ఫోన్‌లో ఏదో వీడియో చూసి, చిగుళ్ళ వల్లే గుండెపోటు వచ్చిందని, పళ్ళు తీసేస్తే ఇక గుండెకు ఢోకా ఉండదని అంటున్నాడు. అమ్మేమో పళ్ళ జోలికి పోతే గుండె ఆగుతుందని భయపడుతోంది. ఎవరి మాట వినాలి? నాయన జొన్న రొట్టె మానేసి మూడు పూటలా మెత్తటి అన్నమే తింటున్నాడు. మళ్ళీ రొట్టె తినగలడా?
– ఒక కూతురు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అందరి మాటలకూ జవాబు చెప్తాను. ముందు ఒక్క సంగతి. రక్తం పలచబడే గోలీ ఒక్క పూట కూడా ఆపకండి. ఇది చదివిన వెంటనే నాయనకు ఫోన్ చేసి చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

స్టెంటు అంటే గుండె రక్తనాళంలో పెట్టిన జాలీ లాంటి సన్నని లోహపు గొట్టం. దాని మీద పల్చటి పొర పెరిగి కప్పేదాకా రక్తానికి అది పరాయి వస్తువే. అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే గుండెపోటుతో స్టెంటు వేయించుకున్నవాళ్ళకు మామూలుగా ఏడాది పాటు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటి రెండో గోలీ కూడా ఇస్తారు. మీ నాయనకు 8 నెలలే అయింది. ఇప్పుడు ఐదు రోజులు ఆపితే ఆ గొట్టం మూసుకుపోవచ్చు. పన్ను పీకినచోట వచ్చే నెత్తురు కంటికి కనిపిస్తుంది. దూది గుడ్డ పెట్టి గట్టిగా కరిచి పట్టుకుంటే కాసేపటికి ఆగుతుంది, ఆగకపోతే ఒక కుట్టు వేస్తాం. స్టెంటులో కట్టిన గడ్డను అలా ఎవరు నొక్కి ఆపగలరు? ఈ గోలీలు వాడుతుండగానే ఒకటి రెండు పళ్ళు తీయడం మాకు కొత్త కాదు. ఎప్పుడైనా గోలీ మార్చాల్సి వస్తే ఆ మాట స్టెంటు వేసిన గుండె డాక్టరు నోటి నుంచే రావాలి. పళ్ళ డాక్టరుగా నేను కూడా ఆ మాట అనను.

ఇక నీళ్ళ సంగతి. నల్లగొండలో ఇన్నేళ్ళుగా నోళ్ళు చూస్తున్నాను కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పుట్టి పెరిగిన పెద్దవాళ్ళ పళ్ళ మీద ఆ గోధుమరంగు గీతలు చూడగానే ఊరు ఏ వైపో చెప్పగలం. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీళ్ళను బాగుచేసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టిందంటే మన గోస ఎంతటిదో అర్థమవుతుంది. నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళం మనం. అందుకే నోట్లో ఏ తేడా వచ్చినా నీళ్ళ మీదికే పోతాం.

కానీ ఆ మరక పడేది చిన్నప్పుడు, పన్ను ఇంకా దవడ లోపల తయారవుతున్నప్పుడు. అది పన్ను పైపొరలో ఉంటుంది. మీ నాయన పళ్ళు 57 ఏళ్ళకు కదలడం మొదలైంది ఆ మరక వల్ల కాదు. గోడకు పట్టిన మరక వేరు, పునాది కింద మట్టి జారిపోవడం వేరు. పన్ను చుట్టూ ఎముక కరిగి, చిగురు వేరును వదిలేస్తే పన్ను కదులుతుంది. ఆ జబ్బు కృష్ణా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకూ వస్తుంది. షుగరు ఉంటే మరీ వస్తుంది, మామూలువాళ్ళ కంటే రెండు మూడు రెట్లు.

ఫ్లోరైడు మరక ఇంకో రకంగా కూడా మనకు అన్యాయం చేసింది. "ఎట్లాగూ తెల్లగ కావు, క్లీనింగ్ ఎందుకు సారూ" అని ఆస్పత్రి గడప తొక్కనివాళ్ళు ఎంతమందో. ఆ రంగు పోవాలని ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దీ రుద్దీ చిగురు కిందికి దిగిపోయి, వేరు బయటపడ్డవాళ్ళు ఇంకెంతమందో. మీ నాయన దేనితో తోముకుంటున్నాడో ఒకసారి దగ్గరుండి చూడండి.

ఇప్పుడు ఆయన నోట్లో ఏం జరుగుతోందో చెప్తాను. మా దగ్గర మిల్లీమీటర్ల గీతలున్న సన్నని మొండి పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని పన్నుకీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి చూస్తాం. ఆరోగ్యంగా ఉంటే రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి ఆయనకు కొన్నిచోట్ల ఆరు ఏడు దాకా దిగుతుందనుకుంటున్నాను. పుల్ల బయటికి తీయగానే ఆ సందు నుంచి నెత్తురు ఊరుతుంది, ఒక్కోసారి చీము కూడా. ఆ సందులన్నిటి లోపలి పుండును విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. అంటే ఒక అగ్గిపెట్టె పైభాగం అంత పుండు. అంత పుండు కాలి మీద ఉంటే షుగరు మనిషిని ఇంట్లో కూర్చోనిస్తామా? ఆ రోజే బండెక్కించి తీసుకెళ్తాం. నోట్లో ఉంది కాబట్టి, పెద్దగా నొప్పి లేదు కాబట్టి ఏడాది గడిచిపోయింది.

షుగరు ఎక్కువగా ఉంటే చిన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, గాయం మానదు. అందుకే చిగుళ్ళు తొందరగా పాడవుతాయి. 1993లోనే హరాల్డ్ లో (Löe) అనే నార్వే దంత శాస్త్రవేత్త చిగుళ్ళ జబ్బును షుగరు తెచ్చే ఆరో చిక్కు అని రాశాడు. అదే దారిలో వెనక్కి కూడా నడుస్తుంది. చిగుళ్ళలో వాపు పదార్థాలు రోజంతా రక్తంలో కలుస్తుంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. గోలీలు వేసుకుంటున్నా, అన్నం తగ్గించినా షుగరు దిగట్లేదని వచ్చేవాళ్ళలో కొందరి నోరు తెరిచి చూస్తే కారణంలో ఒక భాగం అక్కడే కనిపిస్తుంది. చిగుళ్ళకు లోతుగా వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో ఆ మూడు నెలల షుగరు పరీక్ష అంకె సగటున 0.4 దాకా తగ్గుతుందని, 2022లో 30కి పైగా అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్షలో తేలింది. మీ నాయన లెక్కలో అది 9.4 నుంచి 9 దగ్గరికి రావడం. చిన్న అంకెలాగే ఉంటుంది. షుగరు గోలీలకు, తిండికి, నడకకు అది బదులు కాదు. ఆ మూడూ చేస్తూ, దీన్నీ కలిపితేనే ఏడు దగ్గరికి చేరే దారి.

మీ చిన్నాన్న చెప్పినదాంట్లో సగం నిజముంది. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూడికలో నోటి క్రిముల ఆనవాళ్ళు కూడా దొరికాయి. పొగాకు, వయసు, షుగరు ఇవన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా ఆ సంబంధం కొంత మిగులుతోందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. ఆ మాటతో పాటే ఇంకోటీ చెప్పింది: చిగుళ్ళ జబ్బే గుండెపోటు తెస్తుందని రుజువు కాలేదు, చిగుళ్ళు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని కూడా రుజువు కాలేదు. వీడియోల్లో మొదటి సగమే చెప్తారు. చిగుళ్ళు నయమైతే రక్తంలో వాపు గుర్తులు కొంత తగ్గుతాయి, అది మంచిదే. కానీ పళ్ళు పీకించేసి గుండెకు ఢోకా లేదని బీపీ గోలీ, కొలెస్ట్రాల్ గోలీ మీద అశ్రద్ధ చేస్తే మాత్రం నిజంగా ప్రాణం మీదికి వస్తుంది. ఆయన గుండెను కాపాడేవి ఆ గోలీలు, బీపీ, షుగరు అదుపులో ఉండటం, పొగాకు మానడం. మీరు బీడీ సంగతి, ఖైని సంగతి రాయలేదు. ఉంటే ఈ వారమే మాన్పించండి. బీడీ తాగేవాళ్ళకు చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుని నెత్తురు తక్కువగా వస్తుంది, లోపల ఎముక కరుగుతున్నా పైకి బాగానే ఉన్నట్టు ఉంటుంది. మానేసిన కొత్తలో నెత్తురు కాస్త ఎక్కువ కనిపిస్తే భయపడకండి.

పళ్ళన్నీ పీకించడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వద్దు. పన్ను పక్కకి కాస్త కదలడం వేరు, పైకీ కిందికీ ఊగడం వేరు. పైకీ కిందికీ ఊగే పన్ను తీయాల్సే వస్తుంది. పక్కకి కదిలేవాటిని చాలాసార్లు శుభ్రం చేసి, పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టి నిలబెట్టొచ్చు. రెండు పళ్ళు పోయేవే అయినా మిగతా వాటిని ఎందుకు పోగొట్టుకోవాలి? మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది రొట్టె మాట. నమలలేని మనిషి జొన్న రొట్టె, పచ్చి కూరగాయలు, పల్లీలు మానేస్తాడు. మెత్తటి అన్నం, చారు, చాయిలో ముంచిన బిస్కెట్లు మిగులుతాయి. షుగరు పెరగడానికి అంతకంటే ఏం కావాలి? కట్టుడు పళ్ళు పెట్టించుకున్నా సొంత పళ్ళ పట్టు రాదు. పైగా షుగరు అదుపులో లేకపోతే కట్టుడు పళ్ళ కింద నోరు పూయడం, బూజు పట్టడం మామూలు.

అమ్మ భయం కూడా ఉత్తదేం కాదు, కానీ దానికి జవాబుంది. గుండెపోటు వచ్చిన కొత్తలో, అత్యవసరమైతే తప్ప, మేం పళ్ళ పనులు వాయిదా వేస్తాం. 8 నెలలు గడిచి, ఆయన ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా తిరుగుతుంటే, గుండె డాక్టరుకు ఒక మాట చెప్పి క్లీనింగ్ చేయించవచ్చు. క్లీనింగ్ అప్పుడు క్రిములు రక్తంలోకి పోతాయి కదా అని అడుగుతారు. పాడైన చిగుళ్ళతో అన్నం నమిలినా, పళ్ళు తోమినా రోజూ పోతూనే ఉన్నాయి. స్టెంటు ఉన్నవాళ్ళకు ముందస్తుగా యాంటీబయోటిక్ ఇవ్వాల్సిన పని లేదు. గుండెలో కృత్రిమ కవాటం పెట్టినవాళ్ళకు మాత్రం ఇవ్వాలి. ఇది చదివే ఇంకెవరి ఇంట్లోనైనా అలాంటివాళ్ళు ఉంటే ఆ సంగతి పళ్ళ డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక రైతు కింది దవడ ఎడమ వైపు నొప్పి అని వచ్చాడు. షుగరు ఉంది. ఆ వైపు దవడ పన్ను కదులుతూనే ఉంది. ఇంకేం చూడాలి? గోలీలు రాసి, రేపు పొద్దున రా, తీసేద్దాం అన్నాను. వాళ్ళు లేచి తలుపు దాకా వెళ్ళారు. అతని భార్య వెనక్కి తిరిగి, "మోటరు కాడికి నడిచిపోతేనే లేస్తది సారూ, గట్టు మీద కూసుంటే తగ్గుతది" అంది. పన్ను నొప్పికి నడకతో పనేంటి? మళ్ళీ కూర్చోబెట్టి, పక్క వీధిలో ఈసీజీ తీయించాం. నొప్పి పంటిది కాదు, గుండెది. ఆ మాట నేను అడిగి తెలుసుకోవాల్సింది. ఆమె చెప్పింది కాబట్టి ఆయన బతికాడు. అప్పటి నుంచి దవడ నొప్పితో ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న నడక గురించే.

మీ ఇంట్లో అందరూ ఇది గుర్తుంచుకోండి. షుగరు ఎన్నాళ్ళుగానో ఉన్నవాళ్ళకు నరాలు మొద్దుబారి, గుండెపోటులో ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఊరికే చెమటలు పట్టడం, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం, దవడ, ఎడమ భుజం లాగడం, గ్యాస్ లాంటి మంట ఇవే రావొచ్చు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి. లవంగ నూనె పెట్టి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

పన్ను నొప్పి లేచినప్పుడు ఊళ్ళో వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ గోలీలు మీ నాయనకు వద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అవి చేటు చేస్తాయి. షుగరు వల్ల కిడ్నీల మీద ఇప్పటికే భారం ఉంటుంది, రక్తం పలచబడే గోలీలతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావొచ్చు. పారాసిటమాల్ చాలు. ఆయన బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే అది కూడా కొందరికి చిగుళ్ళను ఉబ్బిస్తుంది. దాన్ని కూడా సొంతంగా ఆపొద్దు. పళ్ళ డాక్టరుకు చూపించండి, మార్చాలంటే రాసిన డాక్టరు మారుస్తారు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మీకు నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీ దగ్గర. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకు అక్కడా డెంటల్ కాలేజీ ఉంది. లోపలికి వెళ్ళాక చిగుళ్ళ విభాగం, పీరియడాంటిక్స్ అని అడగండి. పీజీ చదివే డాక్టర్లు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. టైం ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టండి. మొదట పైపైన గార తీస్తారు. తర్వాత మత్తు సూది ఇచ్చి, రెండు మూడు సార్లుగా చిగురు లోపల వేరు మీద పట్టిన గార తీస్తారు. "క్లీనింగ్ చేయిస్తే పండ్లు ఊడిపోతయి" అని ఎవరైనా తప్పక అంటారు. గార సందుల్లో సిమెంటులా గట్టిపడి ఉంటుంది, తీసేశాక అక్కడ ఖాళీ తెలుస్తుంది, కొన్ని రోజులు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది. పళ్ళను వదులు చేసింది ఆ గారే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ ఆ గీతల పుల్లతో కొలిచి చూస్తారు. తర్వాత మూడు నెలలకోసారి పోవాలి. షుగరు ఉన్నంతకాలం ఇది మానకూడదు.

పొద్దున పూట వెళ్ళండి. ఆస్పత్రికి పోతున్నాం కదా అని చాలామంది పరగడుపున వస్తారు. షుగరు గోలీ వేసుకుని తిండి తినకుండా వచ్చి, కుర్చీలోనే చెమటలు పట్టి కళ్ళు తిరిగిన మనుషుల్ని చూశాను. టిఫిన్ చేయించండి, గోలీలన్నీ వేయించండి, చేతి సంచిలో కాస్త చక్కెర పెట్టుకోండి. పన్ను తీస్తే ఆ రోజు నమలడం కష్టం కాబట్టి గ్లిమెపిరైడ్ లాంటి గోలీగానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, ఆ పూట ఎంత వేయాలో ముందే షుగరు డాక్టరును అడిగి ఉంచుకోండి. అంబలి, పల్చటి పప్పు, మజ్జిగ తాగిస్తే కడుపు ఖాళీగా ఉండదు.

ఇంట్లో మెత్తటి బ్రష్షు కొనండి. పన్నుకీ చిగురుకీ కలిసే గీత మీద కాస్త వాలుగా పెట్టి, రుద్దకుండా చిన్నగా ఆడించమనండి. రెండు నిమిషాలు, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. నెత్తురు వస్తోందని అక్కడ తోమడం మానేస్తారు. వచ్చేచోటే తోమాలి. రెండు వారాలు సరిగ్గా చేస్తే తేడా తెలుస్తుంది. వేప పుల్ల మీద నాకు గౌరవమే, కానీ కదిలే పళ్ళతో దాన్ని నమలొద్దు, పైగా అది పళ్ళ సందుల్లోకి పోదు. సందుల కోసం సన్నటి చిన్న బ్రష్షులు మందుల షాపులో దొరుకుతాయి. ఏ సైజో డాక్టరు చెప్తారు. క్లోర్‌హెక్సిడిన్ నీళ్ళు ఇస్తే చెప్పినన్ని రోజులే పుక్కిలించాలి, నెలలకొద్దీ వాడితే పళ్ళు నల్లబడతాయి.

వెళ్ళేటప్పుడు స్టెంటు వేసిన ఆస్పత్రి ఇచ్చిన ఫైలు, వాడే గోలీల అట్టలన్నీ, ఆ 9.4 కాగితం ఒక కవర్లో పెట్టండి. నాయన నోరు తెరిచే ముందే మీరు చెప్పాల్సిన మాట: "8 నెలల కింద స్టెంటు వేశారు, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నాడు, షుగరు ఎక్కువుంది." పెద్దవాళ్ళు పంటి కోసం వచ్చి గుండె సంగతి చెప్పరు. మేం అడిగితే, అది వేరే కదా సారూ అంటారు.

రొట్టె అడిగారు. మొదటి క్లీనింగ్ అయిన వారం పది రోజులు మెత్తటివే పెట్టండి. తర్వాత జొన్న రొట్టె తుంచి పప్పులోనో మజ్జిగలోనో కాసేపు నాననిచ్చి, వెనక పళ్ళతో రెండు వైపులా నమలమనండి. ఆ ముందు పళ్ళు రెండు కట్టించేదాకా వాటితో ఏదీ కొరకొద్దు, జామకాయ అయినా ముక్కలు చేసే ఇవ్వండి.